పక్కన పడుకున్నవాళ్ళ ఊపిరి: రాత్రి ఎలా గమనించాలి, ఏం రాసుకోవాలి

మా అమ్మ ముప్పై ఏళ్ళు నాన్న ఊపిరికి కాపలా కాసింది. ఆ పని చేయమని ఎవరూ చెప్పలేదు, ఎందుకు చేస్తోందో ఆవిడకీ తెలియదు. నాన్న గురక పెడుతున్నంతసేపూ అమ్మ నిద్రపోయేది. గురక ఆగిందంటే చాలు, ఆవిడకి మెలకువ వచ్చేసేది. చీకట్లోనే చెయ్యి చాపి నాన్న భుజం మీద తట్టి, "ఏమయ్యా, పక్కకు తిరుగు" అనేది. నాన్న గొంతులో ఏదో తెగినట్టు పెద్ద చప్పుడు చేసి, ఊపిరి లాగి, పక్కకు తిరిగేవాడు. మళ్ళీ గురక మొదలయ్యేది, మళ్ళీ అమ్మకి కునుకు పట్టేది. నరసరావుపేట దగ్గర మా ఊళ్ళో వేసవిలో అందరం డాబా మీద పడుకునే రోజుల్లో ఇది నేను రోజూ చూశాను. అది జబ్బని మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. లారీ తోలి అలిసిపోయి వచ్చాడు, ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నాడు అనుకునేవాళ్ళం.

ఇప్పుడు నేను గుంటూరులో ఒక ఆసుపత్రి స్లీప్ ల్యాబ్‌లో నైట్ డ్యూటీ చేస్తున్నాను. తొమ్మిదేళ్ళయింది. పేషెంటు తలకీ, గడ్డం కిందా, కాళ్ళకీ తీగలు అతికించి, ఛాతీకొక బెల్టు, పొట్టకొక బెల్టు కట్టి, ముక్కు దగ్గర సన్నని గొట్టం పెట్టి, వాళ్ళు నిద్రపోయాక పక్కగదిలో స్క్రీన్ ముందు తెల్లవార్లూ కూర్చుంటాను. ఇన్నేళ్ళలో నాకు గట్టిగా అర్థమైంది ఒకటే. తన ఊపిరి రాత్రి ఏమవుతోందో నిద్రపోయే మనిషికి తెలిసే దారి లేదు, తెలిసేది పక్కన పడుకున్నవాళ్ళకే. వాళ్ళు చూసింది చూసినట్టు చెప్పగలిగితే డాక్టరుకి సగం దారి దొరుకుతుంది. కానీ మా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళు చాలామంది "మా ఆయన గురక బాగా పెడతారండీ" అని అక్కడితో ఆగిపోతారు. ఇంకో నాలుగు ముక్కలు చెబితే ఎంత బాగుండు అనిపిస్తుంది. ఆ నాలుగు ముక్కలు ఎలా పట్టుకోవాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఊపిరి రాత్రి మారుతుంది, అది మామూలే

మెలకువలో మన ఊపిరికి రెండు పగ్గాలు ఉంటాయి. ఒకటి మన చేతిలోదే: మాట్లాడతాం, పాడతాం, కావాలంటే బిగబడతాం. రెండోది మెదడు అడుగున, మెడ మొదలయ్యే చోట ఉన్న భాగం చేతిలో ఉంటుంది. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ఎంత ఉందో చూసుకుంటూ అది ఊపిరిని నడిపిస్తుంది. నిద్ర పట్టగానే మొదటి పగ్గం జారిపోతుంది. ఆ చేతులు మారే నాలుగైదు నిమిషాలూ ఊపిరి కాస్త తడబడుతుంది. ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా వస్తుంది, మధ్యలో కొన్ని సెకన్లు ఆగుతుంది కూడా. కొత్తగా గమనించేవాళ్ళు ఇది చూసే టెన్షన్ పడతారు. పడనక్కర్లేదు.

నిద్ర గాఢమయ్యాక ఊపిరి గడియారంలా నడుస్తుంది. పెద్దవాళ్ళలో నిమిషానికి 12 నుంచి 20 వరకు మామూలు. మెలకువలో కంటే లోపలికి వెళ్ళే గాలి సుమారు పదో వంతు తగ్గుతుంది. కార్బన్ డయాక్సైడ్ కొంచెం పెరుగుతుంది, ఆక్సిజన్ ఒకటి రెండు పాయింట్లు తగ్గుతుంది. ఇవన్నీ ఆరోగ్యంగా ఉన్న మనిషిలో జరిగేవే.

సుమారు గంటన్నరకొకసారి కలల నిద్ర వస్తుంది. మూసిన రెప్పల కింద కళ్ళు అటూ ఇటూ కదులుతుంటాయి. 1953లో చికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ ఆసెరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్ అనే ఇద్దరు ఈ కళ్ళ కదలికను రాసిపెట్టాకే నిద్రలో రకాలున్నాయన్న సంగతి లోకానికి బాగా తెలిసింది. కలలో పరుగెత్తితే మంచం మీద మన కాళ్ళు పరుగెత్తవు. అప్పుడు మెదడు ఒంట్లోని కండరాలను దాదాపు అన్నిటినీ వదులు చేసేస్తుంది. కళ్ళను తిప్పే కండరాలకూ, ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే డయాఫ్రమ్‌కూ మాత్రమే మినహాయింపు. పక్కటెముకల మధ్య కండరాలూ, గొంతును తెరిచి ఉంచే కండరాలూ వదులైపోవడంతో ఊపిరి భారమంతా డయాఫ్రమ్ ఒక్కదాని మీదే పడుతుంది. అందుకే కలల నిద్రలో ఊపిరి ఎగుడుదిగుడుగా ఉంటుంది, కాసేపు గబగబా, కాసేపు పైపైన. తెల్లవారుజామున ఈ నిద్ర ఎక్కువసేపు ఉంటుంది. ఊపిరి ఆగే జబ్బు ఉన్నవాళ్ళలో చాలామందికి నాలుగు, ఐదు గంటలప్పుడు ఎక్కువ కష్టం కావడానికి ఇదే కారణం.

ఇంకో మాట. మెలకువ వచ్చింది, కళ్ళు తెరిచాం, కానీ చెయ్యి కదలదు, ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు ఊపిరి ఆడదు. దయ్యం నొక్కిందంటారు మన ఊళ్ళలో. మెదడు మేలుకుంది కానీ వదులైన కండరాలు ఇంకా తిరిగి బిగుసుకోలేదు, అంతే. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, డయాఫ్రమ్ పని మానలేదు. ఒకటి రెండు నిమిషాల్లో అదే సర్దుకుంటుంది. పిల్లలకు ఇలా జరిగితే భయపెట్టకుండా ఇదే చెప్పండి.

ఎప్పుడు చూడాలి, ఎలా లెక్కపెట్టాలి

ఒక చిన్న నోట్‌బుక్, పెన్ను, సెకన్ల ముల్లు కనిపించే గడియారం లేదా ఫోను దగ్గర పెట్టుకోండి. గదిలో జీరో బల్బు వెలుతురు చాలు. ట్యూబ్‌లైట్ వేస్తే వాళ్ళకి మెలకువ వస్తుంది, ఇక చూసేదేమీ ఉండదు.

పడుకున్న వెంటనే చూడొద్దు. నిద్ర పట్టిన అరగంటకి ఒకసారి, తెల్లవారుజామున నాలుగు ఐదు మధ్య ఇంకోసారి చూడండి. ఈ రెండు సమయాలూ చూస్తే రెండు రకాల నిద్రా చూసినట్టే. అలారం పెట్టుకోవాల్సి వస్తే దిండు కింద వైబ్రేషన్‌లో పెట్టుకోండి. వారంలో మూడు రాత్రులు చాలు. అంతకు మించి మీ నిద్ర పాడుచేసుకోవద్దు.

చూడాల్సింది ఛాతీని కాదు, పొట్టని. దుప్పటి కప్పుకుని ఉంటే దుప్పటి ఎక్కడ లేచి పడుతోందో చూడండి. లేచి పడితే ఒకటి. నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే మధ్యలో వచ్చే ఆగుళ్ళన్నీ తప్పిపోతాయి. ముక్కు దగ్గర వేలు పెట్టి చూడటం, మీద చెయ్యి వేయడం వద్దు. ముట్టుకుంటే ఊపిరి మారిపోతుంది.

పుస్తకంలో ఒక్కో వరస ఇలా రాయండి: టైము, నిమిషానికి ఎన్ని, ఎలా పడుకున్నారు (వెల్లకిలానా, పక్కకా, బోర్లానా), నోరు తెరిచి ఉందా, గురక ఉందా, అన్నిటికంటే ఎక్కువసేపు ఆగింది ఎన్ని సెకన్లు, ఆగాక ఎలా మొదలైంది. మా అమ్మ రాసిన ఒక వరస నా దగ్గర ఇంకా ఉంది. లెక్కల పుస్తకంలో పాల ఖాతా పక్కనే రాసింది. "నాలుగుంబావు. ఎల్లకిలా. నోరు తెరిచి. గురక ఆగింది. 38 అంకెలు లెక్కపెట్టా. కాలు తన్నుకున్నాడు. పెద్ద గుర్రు." ఇంత చక్కటి రిపోర్టు నేను పెద్ద చదువులు చదివినవాళ్ళ దగ్గర కూడా చాలా తక్కువ చూశాను.

ఆగినప్పుడు పొట్ట కదులుతోందా?

ఈ ఒక్క ప్రశ్న కోసం మిగతాదంతా మరిచిపోయినా ఫర్వాలేదు.

పెద్దవాళ్ళలో పది సెకన్లు, అంతకు మించి ఊపిరి ఆగితే దాన్ని అప్నియా అంటారు. అది రెండు రకాలు. మొదటి రకంలో గురక ఠక్కున ఆగుతుంది, ముక్కులోంచి నోట్లోంచి చప్పుడు ఉండదు, కానీ పొట్ట మాత్రం ఎగిరెగిరి పడుతూనే ఉంటుంది. లోపల ప్రయత్నం జరుగుతోంది, దారి మూసుకుపోయింది. మన గొంతుకు ముక్కులోలాగా ఎముక ఆసరా లేదు, మెత్తని గొట్టం అది. కండరాలు వదులైతే నాలుక వెనక్కి జారి, అంగిలి వెనక మెత్తటి భాగం కిందికి వాలి దారికి అడ్డం పడతాయి. గురకంటే ఆ సన్నబడిన దారిలో గాలికి కండ అదిరే చప్పుడే. చప్పుడు ఆగిందంటే దారి పూర్తిగా మూసుకుపోయి ఉండొచ్చు. "హమ్మయ్య, గురక ఆగింది" అనుకునే నిమిషమే అసలు కష్టకాలం. మా అమ్మకి ఆ నిశ్శబ్దంలోనే మెలకువ వచ్చేదంటే ఆవిడ చెవి ఎంత సరైనదో చూడండి.

రెండో రకంలో చప్పుడూ ఉండదు, పొట్టా కదలదు. దారి తెరిచే ఉంది, మెదడే పిలుపు పంపడం లేదు. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళలో ఇందులో ఒక తీరు కనిపిస్తుంది. ఊపిరి మెల్లగా మొదలై, పెద్దదై, ఇంకా పెద్దదై, మళ్ళీ మెల్లగా తగ్గి ఆగిపోతుంది. కాసేపటికి మళ్ళీ మొదటికొస్తుంది. అలలా వచ్చిపోయే ఈ ఊపిరి గురించి 1818లో జాన్ చెయిన్, 1854లో విలియం స్టోక్స్ అనే డబ్లిన్ డాక్టర్లు రాశారు. ఇప్పటికీ వాళ్ళ పేర్లతోనే పిలుస్తారు. ఇంట్లో గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్ళలో ఇది చూస్తే గుండె డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

పొట్ట కదలని ఆగుడు కొండ మీద ఆరోగ్యవంతులకూ వస్తుంది. కేదార్‌నాథ్ 3,583 మీటర్ల ఎత్తు, అమర్‌నాథ్ గుహ 3,888 మీటర్లు. మన వాళ్ళు వేలమంది వెళ్తుంటారు. అక్కడ గాలి పలచన కాబట్టి ఒళ్ళు గబగబా ఊపిరి తీస్తుంది, దాంతో కార్బన్ డయాక్సైడ్ బాగా తగ్గిపోతుంది. నిద్రలో ఊపిరిని నడిపించేది అదే కదా. అది తగ్గేసరికి మెదడు కాసేపు ఊపిరి ఆపేస్తుంది, మళ్ళీ ఆక్సిజన్ పడిపోతే ఉలిక్కిపడి లాగుతుంది. కింద నుంచి ఒక్కరోజులో పైకి చేరకుండా మధ్యలో ఆగి అలవాటు చేసుకుంటూ వెళ్ళడమే దీనికి మందు. అక్కడ నిద్ర పట్టడం లేదని నిద్రమాత్ర మాత్రం వేసుకోవద్దు. తలనొప్పి, వాంతులు, నడకలో తూలు కలిస్తే ఆలస్యం చేయకుండా కిందికి దిగాలి.

మొదటి రకం ల్యాబ్‌లో ఎలా ఉంటుందో చెబుతాను. ఒక రాత్రి మిర్చి యార్డులో బస్తాలు మోసే పెద్దాయన వచ్చాడు. సన్నటి మనిషి, వెనక్కి ఉన్న చిన్న గడ్డం. పడుకున్న పది నిమిషాలకే నిద్ర. ముక్కు గీత స్క్రీన్ మీద సాపుగా గీసినట్టు అయిపోయింది. ఛాతీ గీత, పొట్ట గీత మాత్రం ఆగలేదు. ఒకటి పైకి పోతే ఇంకోటి కిందికి, ఒకదానికొకటి ఎదురెదురుగా. సెకన్లు 20, 30, 40. ఆక్సిజన్ 94 నుంచి 90, 85, చివరికి 79. 47వ సెకనులో మెదడు గీతలు ఒక్కసారిగా చిక్కబడ్డాయి, కాలి తీగ గీత ఎగిరింది, గది గోడలోంచి నాకు వినపడేంత గుర్రు. మూడు నాలుగు పెద్ద ఊపిర్లు, తర్వాత మళ్ళీ సాపు గీత. రాత్రంతా అదే. తీగలు తీస్తూ పొద్దున "ఎలా పట్టింది బాబాయ్ నిద్ర?" అని అడిగాను. "మెలకువే రాలేదమ్మా. తలే కొంచెం బరువుగా ఉంది" అన్నాడు. ఆ రాత్రి ఆయన మెదడు మూడొందలసార్లకు పైగా మేలుకుంది.

లావుగా ఉన్నవాళ్ళకే ఇది వస్తుందనుకోవద్దని ఆయన సంగతి చెప్పాను. బరువు పెద్ద కారణమే. మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటితే ముప్పు ఎక్కువ. కానీ చిన్న దవడ, పెద్ద టాన్సిల్స్, తక్కువగా పనిచేసే థైరాయిడ్ ఉన్న సన్నటివాళ్ళకీ వస్తుంది. నెలసరి ఆగిపోయాక ఆడవాళ్ళలో బాగా పెరుగుతుంది. ఆడవాళ్ళు గురక గురించి చెప్పుకోవడానికి సిగ్గుపడి నీరసం, నిద్రలేమి అని మాత్రమే చెబుతారు. గర్భంతో ఉన్నప్పుడు కొత్తగా గురక మొదలైతే, అందులోనూ బీపీ ఉంటే, డాక్టరుకి ఆ మాట చెప్పి తీరాలి.

ఒక్కో రాత్రి ఒక్కటే మార్చి చూడండి

మూడు రాత్రులు రాసుకున్నాక ఏది మారిస్తే ఏమవుతుందో చూడొచ్చు. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

మొదట పడుకునే తీరు. వెల్లకిలా పడుకుంటే నాలుక బరువుకే వెనక్కి జారుతుంది. చాలామందిలో పక్కకు తిరిగితే ఆగుళ్ళు బాగా తగ్గుతాయి. బనియన్ వీపు మీద చిన్న జేబు కుట్టి అందులో టెన్నిస్ బంతి పెట్టడం పాత పద్ధతి, పనిచేస్తుంది. నాన్నకి అమ్మ పాత లుంగీ గుడ్డని గట్టిగా చుట్టి కుట్టింది. గొంతులోకి పులితేన్పులు ఎగదన్నేవాళ్ళు మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేసుకోవాలి. రెండు మూడు దిండ్లు వేస్తే మెడ ముందుకు వంగి దారి ఇంకా ఇరుకవుతుంది. రాత్రి భోజనానికీ పడకకీ మధ్య రెండు మూడు గంటలు ఉండాలి.

తర్వాత మందు. తాగిన రాత్రీ తాగని రాత్రీ పక్కపక్కన రాసి చూడండి, ఇంకెవరూ చెప్పక్కర్లేదు. మద్యం గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తుంది. పైగా ఊపిరి ఆగినప్పుడు మేలుకొలిపే మెదడు కాపలాదారుణ్ణి కూడా జోకొడుతుంది. నిద్రమాత్రలు కొన్ని చేసేదీ ఇదే. మధ్యమధ్యలో మెలకువ వస్తోందని నాన్న ఒకసారి ఒక డాక్టరు దగ్గరికి వెళ్తే, గురక సంగతి అడక్కుండానే నిద్రమాత్ర రాశారు. నాన్న నెలరోజులు వేసుకున్నాడు. "లేవట్లేదు గానీ, ఆగితే ఎంతకీ మొదలెట్టట్లేదే" అని అమ్మ నాకు ఫోన్ చేసింది. అప్పుడే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. నొప్పికి ఇచ్చే మత్తు రకం మాత్రలకూ ఈ ప్రమాదం ఉంది. గురక, ఆగుళ్ళు ఉన్న మనిషి మాత్ర వేసుకునే ముందు ఆ సంగతి డాక్టరుకి చెప్పాలి. ఇప్పటికే వాడుతున్నవాళ్ళు సొంతంగా ఠక్కున మానకుండా అడిగి తగ్గించుకోవాలి.

ముక్కు సంగతి మన జిల్లాలో మరీ ముఖ్యం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కల్లాల్లో మిరపకాయలు, యార్డులో ఘాటు, ఊరంతా తుమ్ములే. ముక్కు మూసుకుపోతే నోరు తెరుచుకుంటుంది, నోరు తెరిస్తే నాలుక ఇంకా వెనక్కి పోతుంది. మరిగించి చల్లార్చిన నీళ్ళలో ఉప్పు కలిపి ముక్కు కడుక్కోండి, పంపు నీళ్ళతో మాత్రం వద్దు. పడకగదిలో దోమల చుట్ట కాల్చకుండా దోమతెర కట్టుకోండి. నోటికి టేపు వేసుకుని పడుకోవడం ఫోన్లలో ఈమధ్య బాగా చూపిస్తున్నారు. ముక్కు దిబ్బడ ఉన్నవాళ్ళు, ఊపిరి ఆగుళ్ళు ఉన్నవాళ్ళు దాని జోలికి వెళ్ళొద్దు.

ఉబ్బసం ఉన్నవాళ్ళకి తెల్లవారుజామున గాలిగొట్టాలు మామూలుగానే ఇరుకవుతాయి. పిల్లికూతలు వినపడి, దగ్గుతో లేచి కూర్చోవడం నెలలో రెండుసార్లకు మించితే వాడుతున్న మందు సరిపోవడం లేదని అర్థం. పుస్తకంలో ఆ తేదీలు రాసి చూపించండి.

బరువు తగ్గడానికి టైము పడుతుంది గానీ ఫలితం గట్టిది. ఒంటి బరువులో పదో వంతు తగ్గినా గంటకు వచ్చే ఆగుళ్ళు సుమారు నాలుగో వంతు తగ్గుతాయి.

పిల్లల లెక్క వేరు

పుట్టిన పిల్లలు నిమిషానికి 30 నుంచి 60 సార్లు ఊపిరి తీస్తారు. మధ్యలో ఐదు, పది సెకన్లు ఆగి మళ్ళీ గబగబా తీస్తారు. కొత్తగా తల్లులైనవాళ్ళు ఇది చూసి ఉలిక్కిపడతారు, కానీ మొదటి నెలల్లో ఇది సహజం. 20 సెకన్లు ఆగినా, పెదవులు నీలంగా మారినా, బిడ్డ వేలాడిపోయినా అది సహజం కాదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. చంటిబిడ్డని ఎప్పుడూ వెల్లకిలానే పడుకోబెట్టాలి, ముఖం మీద దుప్పటి రాకూడదు. పైన పెద్దవాళ్ళకి చెప్పిన పక్కకు తిరిగే సలహా చంటిపిల్లలకి వర్తించదు.

జలుబు, జ్వరం ఉన్నప్పుడు నిద్రలో లెక్కపెట్టడం చాలా ఉపయోగం. రెండు నెలల లోపు బిడ్డకి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ వరకు 40. ఈ అంకెలు వచ్చినా, దాటినా న్యుమోనియా అనుమానించాలి. డొక్కలు ఎగరేస్తుంటే అంకెతో పనిలేదు, తెల్లారేదాకా ఆగకుండా బయల్దేరండి.

కాస్త పెద్ద పిల్లలు జలుబు లేకుండానే వారంలో మూడు నాలుగు రాత్రులు గురక పెడుతుంటే, నోరు తెరిచి, మెడ వెనక్కి వాల్చి, చెమటలు కక్కుతూ పడుకుంటుంటే టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ చూపించాలి. పిల్లలు పెద్దవాళ్ళలా పగలు కునికిపాట్లు పడరు. చిరాకు, అల్లరి, చదువులో ధ్యాస లేకపోవడం, మానేసిన పక్కతడపడం మళ్ళీ మొదలవడం, వీళ్ళలో ఇలా కనిపిస్తుంది. అలాంటి బిడ్డని కొట్టకండి. ఆ బిడ్డకి సరిగ్గా నిద్ర లేదు.

డాక్టరు దగ్గరికి ఏం తీసుకెళ్ళాలి

నోట్‌బుక్, రెండు నిమిషాల వీడియో. వీడియోలో ముఖమూ పొట్టా రెండూ పడాలి, గొంతు వినపడాలి. వెల్లకిలా ఉన్నప్పుడు, తెల్లవారుజామున తీస్తే మంచిది. వాళ్ళకి చెప్పి, ఒప్పుకున్నాకే తీయండి. ఆ వీడియో ఇంటి గ్రూపుల్లో పెట్టి నవ్వుకోవడానికి కాదు.

కోవిడ్ అప్పుడు కొన్న ఆక్సీమీటర్ చాలా ఇళ్ళలో ఉంది. నెయిల్ పాలిష్ లేని, వెచ్చగా ఉన్న వేలికి పెట్టండి. వేలి అంకె ఊపిరి కంటే అర నిమిషం దాకా వెనకబడి ఉంటుంది, అందుకే ఊపిరి మళ్ళీ మొదలయ్యాక అంకె పడిపోవడం చూసి కంగారుపడొద్దు. ఆగిన ప్రతిసారీ 90 కిందికి వెళ్తుంటే మాత్రం రాసుకోండి. అంకె బాగుంది కాబట్టి జబ్బు లేదనుకోవడం కూడా తప్పే.

పగటి సంగతులూ చెప్పాలి. పొద్దున నోరు ఎండిపోవడం, తలనొప్పి, మందులకు లొంగని బీపీ, రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేవడం. నాన్న అలా లేస్తుంటే షుగర్ అనుకున్నాం, పరీక్షలో లేదు. మూసుకుపోయిన గొంతుతో ఊపిరి లాగినప్పుడు ఛాతీలో పడే ఒత్తిడికి గుండె గది సాగుతుంది. ఒంట్లో నీరు ఎక్కువైందనుకుని గుండె మూత్రం పెంచే హార్మోను విడుదల చేస్తుంది. ఇది తెలిసిన రోజు నాకు నాన్న జబ్బు బొమ్మ కట్టినట్టు కనపడింది. అన్నిటికంటే ముఖ్యం, కూర్చున్న చోట, బండి నడుపుతూ కునుకు పట్టడం. మిర్చి లోడుతో వెళ్తూ ఒక తెల్లవారుజామున నాన్న లారీ రోడ్డు దిగి పొలంలోకి పోయింది. క్లీనర్ కేకకి లేచాడు. ఎవరికీ ఏమీ కాలేదు. అలా కునుకు పట్టే మనిషిని పరీక్ష, చికిత్స అయ్యేదాకా స్టీరింగ్ పట్టనివ్వకండి.

చెస్ట్ డాక్టరు గానీ, ముక్కు చెవి గొంతు డాక్టరు గానీ చూసి స్లీప్ స్టడీ రాస్తారు. కొందరికి ఇంట్లో పెట్టుకునే చిన్న పరికరం చాలు. ల్యాబ్‌కి వచ్చేవాళ్ళు తలస్నానం చేసి, నూనె రాయకుండా రండి, నూనె ఉంటే తీగలు అంటవు. ఆరోజు పగలు పడుకోవద్దు. మీ దిండు మీరే తెచ్చుకోవచ్చు. రిపోర్టులో గంటకు ఎన్ని ఆగుళ్ళో ఒక అంకె ఉంటుంది. 5 లోపు మామూలు, 5 నుంచి 15 కొద్దిపాటిది, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. నాన్నది 61.

ఆయాసంతో పడుకోలేక లేచి కూర్చుంటున్నా, పెదవులు నీలంగా ఉన్నా, లేపితే లేవకుండా మగతగా ఉన్నా ఈ పుస్తకాలేమీ వద్దు. 108కి ఫోన్ చేయండి.

మాస్కుతో మొదటి నెల

గాలి ఒత్తిడితో గొంతును తెరిచి ఉంచే సీప్యాప్ మెషిన్‌ని కోలిన్ సల్లివన్ అనే ఆస్ట్రేలియా డాక్టరు తయారుచేసి 1981లో లోకానికి చెప్పారు. అంతకుముందు తీవ్రమైన కేసులకి గొంతుకు రంధ్రం పెట్టడమే దారి. అది ఆక్సిజన్ ఇచ్చే మెషిన్ కాదు, మామూలు గదిలో గాలినే ముఖానికి పెట్టుకునే మాస్కు ద్వారా ఒత్తిడితో పంపుతుంది.

మాస్కు మొదటి రాత్రే నచ్చినవాళ్ళు తక్కువ. నాన్న మూడు రాత్రులు విసిరికొట్టాడు. అప్పుడు నేను పడుకునే టైములో పెట్టడం మాన్పించి, సాయంత్రం టీవీ చూస్తున్నప్పుడు అరగంట పెట్టించాను, మొదట మెషిన్ ఆన్ చేయకుండా, తర్వాత ఆన్ చేసి. వారం తర్వాత రాత్రికి మార్చాం. పట్టీలు బిగించేకొద్దీ గాలి కారుతుందని గుర్తుపెట్టుకోండి. పడుకుని, మెషిన్ ఆన్‌లో ఉండగా సర్దాలి, పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి. ముఖం జిడ్డు లేకుండా కడుక్కోవాలి. ముక్కు ఎండిపోతే తేమ డబ్బా వాడాలి, అందులో డిస్టిల్డ్ వాటరే పోయాలి. మాస్కు మెత్త రోజూ సబ్బునీళ్ళతో కడిగి నీడలో ఆరబెట్టాలి. మన దుమ్ముకి ఫిల్టర్ వారానికొకసారి చూసుకోవాలి.

కరెంటు పోతే ఊపిరాడదేమోనని అందరూ అడుగుతారు. మాస్కుకి గాలి బయటికి పోయే రంధ్రాలు ఉంటాయి, ముక్కూ నోరూ రెండూ మూసే మాస్కుకి అదనంగా ఒక కవాటం ఉంటుంది. అయినా కరెంటు పోతే మాస్కు తీసేయడమే మంచిది. ఇన్వర్టర్‌కి మెషిన్ ప్లగ్గు కలిపితే ఆ బాధ లేదు. మా ఇంట్లో ఇంకా కలపలేదు. మొన్న గాలివానకి రాత్రి రెండున్నరకి కరెంటు పోయిందట. మెషిన్ చప్పుడు ఆగగానే అమ్మకి మెలకువ వచ్చింది. టార్చి వేసి, నాన్న మాస్కు పట్టీ విప్పి, భుజం మీద తట్టి, "ఏమయ్యా, పక్కకు తిరుగు" అందట.